మల్లవేలూరు మునిసిపాలిటీ భద్రంగా ఉంది

దామెర్ల ప్రభంజనరావుకు అభిప్రాయాలు ఎక్కువ. మల్లవేలూరు మునిసిపాలిటీ జనన మరణాల విభాగంలో పదహారేళ్ళుగా జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నా, ఊళ్ళో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అన్నదాని మీద అతని మనసు ఏనాడూ నిలవలేదు. ఏ ఫోన్లో సాఫ్ట్‌వేర్ పాతబడింది, ఏ గేమ్ కన్సోల్ ఎందుకు గొప్పది, ఏ కంపెనీ జనం పాస్‌వర్డులను గాలికి వదిలేసింది, ఇవీ అతని చింతలు. వీటి గురించి ఇంటర్నెట్‌లో రాసేవాడు కూడా. చదివేవాళ్ళు నూటపాతిక మంది. అందులో సగం మంది అతనితో పోట్లాడటానికే చదివేవాళ్ళు.

ఆఫీసులో అతని మాట వినేది ఒక్క మేనేజరు అనసూయమ్మే. ఆవిడకు రిటైర్మెంట్ ఇంకా ఎనిమిది నెలలు ఉంది. రోజూ పదకొండింటికి టీ తాగుతూ, "ఏం నాయనా, ఇవాళ ఎవర్ని ఉతికి ఆరేశావు?" అని అడిగేది. అతను చెప్పేవాడు. ఆవిడ టీ అయ్యేదాకా వినేది. టీ అయ్యాక వినేది కాదు.

ప్రభంజనరావుకు అన్నిటికన్నా ఎక్కువ చిరాకు సొంత ఆఫీసు మీద. అక్కడ పన్నెండు కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవాళ్ళే పదకొండేళ్ళ కిందట వదిలించుకున్నారు. పన్నెండింటికీ ఒకటే పాస్‌వర్డ్, అది ఊరి పిన్‌కోడ్. సిబ్బంది మరిచిపోతారేమోనని ప్రతి మానిటర్ మీదా చీటీ అంటించారు. చీటీ ఊడిపోతుందేమోనని పారిశుద్ధ్య విభాగం వాళ్ళు గోడ మీద పెయింటుతో రాయించుకున్నారు.

ఒక సోమవారం టౌన్ ప్లానింగ్ విభాగానికి ఈ-మెయిల్లో ఒక పెళ్ళి శుభలేఖ వచ్చింది. వధూవరులెవరో అక్కడెవరికీ తెలియదు. "పిలిచారు కదా, తెరిచి చూడకపోతే ఏం బాగుంటుంది?" అని ఒక ఉద్యోగి నొక్కాడు. మధ్యాహ్నానికల్లా పన్నెండు కంప్యూటర్ల మీదా పుర్రె బొమ్మ నవ్వుతూ కనిపించింది. రెండు రోజులు పని ఆగింది. ఫైళ్ళు ఎలాగో తిరిగి వచ్చాయి గాని, సంగతి పేపర్లో పడింది.

కమిషనర్ చిత్తరంజన్ ఆ ఊరికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఎండాకాలంలో కూడా కోటు వేసుకునే మనిషి. ఆయన రాజధాని నుంచి ఒక భద్రతా ఆడిటరును పిలిపించాడు. ఆడిటరు మెడలో రెండు గుర్తింపు కార్డులు, చేతిలో నలభై రెండు అంశాల చెక్‌లిస్టుతో దిగాడు. మూడు రోజులు పరీక్షించాడు. నాలుగో రోజు సమావేశ మందిరంలో ఫలితం చదివాడు.

"పన్నెండు పరికరాలకు గాను పన్నెండూ అనుత్తీర్ణం. అత్యధికంగా వచ్చినవి నలభై రెండుకు మూడు. అది కూడా పుర్రె వచ్చినప్పటి నుంచి ఆ కంప్యూటర్ ఆన్ కాకపోవడం వల్ల వచ్చింది."

కమిషనర్ మొహం నల్లబడింది. "ఈ దుస్థితి నుంచి బయటపడుటకు సభ్యులు తమ అమూల్యమైన సూచనలు చేయవలసినదిగా కోరుచున్నాను," అన్నాడు.

సభ్యులు తలలు వంచి డైరీల్లో తేదీ వేసుకున్నారు. ప్రభంజనరావు మాత్రం ఊరుకోలేకపోయాడు. పదహారేళ్ళుగా లోపల మరుగుతున్నదంతా పైకి వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"సార్, ఈ పన్నెండింటి కన్నా మా ఇంట్లో నేను ఆడుకునే గేమ్ కన్సోల్ వెయ్యి రెట్లు నయం. కంపెనీ సంతకం లేని సాఫ్ట్‌వేర్ ఒక్కటి కూడా దాంట్లో నడవదు. దానంతట అదే అప్‌డేట్ అవుతుంది. ఎవడు పడితే వాడు ఏదో ఒకటి తెచ్చి గుచ్చితే ఒప్పుకోదు. ఆటబొమ్మకు ఉన్న బుద్ధి ఈ ఆఫీసుకు లేదు!"

నవ్వుతారని, ఆ తర్వాత కనీసం సిగ్గుపడతారని అతను అనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. కమిషనర్ పెన్ను తీసి రాసుకున్నాడు. రాసుకుని తలెత్తి, "రేపు ఆ పరికరాన్ని తీసుకురండి," అన్నాడు.

మర్నాడు ప్రభంజనరావు కన్సోల్‌ను తువ్వాల్లో చుట్టి స్కూటర్ ముందు పెట్టుకుని తెచ్చాడు. గుమ్మంలో భార్య విద్యుల్లత అడిగింది: "ఆఫీసులో కూడా ఆడతారా? ఇక వాళ్ళు జీతమెందుకివ్వాలి?"

ఆడిటరు దాన్ని టీవీకి తగిలించి, గంటన్నర పాటు ఒక్కొక్క అంశమే టిక్కు పెట్టుకుంటూ పోయాడు. నలభై రెండుకు నలభై ఒకటి. మిగిలిన ఒక్కటి, పరికరం మీద ఆస్తి సంఖ్య స్టిక్కర్ ఉండాలన్న అంశం. అనసూయమ్మ చేత స్టిక్కర్ అంటింపించారు. నలభై రెండుకు నలభై రెండు. రాష్ట్రంలో ఏ మునిసిపాలిటీలోనూ ఇన్ని మార్కులు తాను చూడలేదని ఆడిటరు చెప్పాడు. చెక్‌లిస్టును కళ్ళకద్దుకున్నాడు.

ప్రభంజనరావుకు అప్పటికి ప్రమాదం అర్థమైంది.

"సార్, నేను ఎగతాళికి అన్నాను. అది ఆడుకునే వస్తువు. పని చేసుకునేది కాదు."

"ఆడుకునేదా, పని చేసుకునేదా అన్న అంశం చెక్‌లిస్టులో లేదు," అన్నాడు ఆడిటరు.

"మీ వినయం ప్రశంసనీయం," అన్నాడు కమిషనర్.

వారం తిరక్కుండా పదకొండు కొత్త కన్సోళ్ళు వచ్చాయి. ప్రభంజనరావుది పన్నెండోది. దాని మీద స్టిక్కర్ పడింది కాబట్టి అది ఇక ప్రభుత్వ ఆస్తి. పాత కంప్యూటర్లను గోనె సంచుల్లో కట్టి, లక్కముద్ర వేసి, గోదాములో పడేశారు. ప్రభంజనరావును సమాచార భద్రతా నిపుణుడిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. అందులో "సదరు నిపుణుని సూచన మేరకు" అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది.

ఇక ఆఫీసు నడక మొదలైంది. ప్రతి బల్ల మీదా ఒక టీవీ. గుమస్తాలు రెండు చేతులతో కన్సోల్ కంట్రోలర్లను, అంటే ఆట మీటలను, పట్టుకుని, తెర మీద పరిచిన అక్షరాల మధ్య గుర్తును పైకీ కిందికీ జరుపుకుంటూ ఒక్కొక్క అక్షరమే ఏరుకోవాలి. గుణింతానికి ఇంకోసారి జరపాలి, ఒత్తుకు మరోసారి. "వెంకటరత్నమ్మ" అన్న పేరు పూర్తయ్యేసరికి పన్నుల విభాగం గుమస్తాకు బొటనవేలు వాచింది. ఆరోగ్య విభాగం వాళ్ళు వచ్చి అందరికీ నొప్పుల మందు పంచారు.

ఆ చెక్‌లిస్టులో ముప్పై ఏడో అంశం ఒకటుంది. ప్రతి వాడుకరి మీదా పై అధికారి నియంత్రణ ఉండాలి. కన్సోల్లో అలాంటి ఏర్పాటు ఒక్కటే ఉంది, పిల్లల మీద తల్లిదండ్రుల నియంత్రణ. కాబట్టి కమిషనర్‌ను తండ్రిగానూ, నలభై ఇద్దరు ఉద్యోగులను పిల్లలుగానూ నమోదు చేశారు. వయసు ఎంత తక్కువ పెడితే నియంత్రణ అంత గట్టిగా ఉంటుందని ఆడిటరు చెప్పడంతో అందరికీ తొమ్మిదేళ్ళు వేశారు.

"మా మనవరాలికి పదేళ్ళు నాయనా," అంది అనసూయమ్మ. "ఇవాళ్టి నుంచి అది నాకు అక్క అవుతుందన్నమాట."

తొమ్మిదేళ్ళ పిల్లలకు కన్సోల్ రోజుకు రెండు గంటలే ఇస్తుంది. పదకొండింటికి మొదలుపెడితే ఒంటిగంటకు పన్నెండు టీవీల మీదా ఒకేసారి ఒక ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెయ్యి ఊపేది. "ఈ రోజుకి నీ ఆట అయిపోయింది! ఇంకా కావాలంటే నాన్నను అడుగు!" నాన్నగారి అనుమతి ఆయన ఫోన్లోంచి రావాలి. ఆయన ఎప్పుడూ ఏదో ఒక సమీక్షలో ఉండేవాడు.

ఈ కన్సోళ్ళకు ప్రింటర్ తగలదన్న సంగతి అన్నిటికన్నా చివర బయటపడింది. ప్రభంజనరావు పరుగున పోయి కమిషనర్‌కు చెప్పాడు. ఇప్పుడైనా ఈ పిచ్చి ఆగుతుందని అతని ఆశ.

కమిషనర్ కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "ముద్రించిన కాగితమును ఎవరైనను నకలు చేయవచ్చును కదా?"

"చెయ్యవచ్చు సార్, కానీ..."

"అనగా కాగితము సురక్షితము కాదు."

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. "ధ్రువపత్రమును దరఖాస్తుదారు తెరపై కళ్ళారా చూచినచో అది జారీ అయినట్లే భావించవలెను. చూచుటకు ఒక నిమిషము కేటాయించడమైనది. ఫోటోలు తీయరాదు."

నూకరత్నం వచ్చింది ఆ తర్వాతి సోమవారమే. బస్టాండు దగ్గర ఇడ్లీల బండి నడిపే మనిషి. వెనకాలే ఆమె కూతురు పైడితల్లి, పదకొండేళ్ళది. పొట్టిగా, భుజాలు గట్టిగా, చూపు నేల మీద పెట్టుకుని నిలబడే పిల్ల.

"బాబూ, మా పిల్ల బరువులెత్తుతాది. జిల్లాలో ఫస్టొచ్చింది. ఆటల బళ్ళో సీటిచ్చినారు," అంది నూకరత్నం. "బేస్తారం సాయంత్రం లోపు పుట్టిన కాయితం సూపించాలట. పన్నెండేళ్ళ లోపోళ్ళనే సేర్చుకుంతారట. పుట్టినప్పుడు తీసిన కాయితంలో పిల్ల పేరు నేదు. పేరెక్కించి ఇయ్యి బాబూ."

ప్రభంజనరావు ఆట మీట అందుకున్నాడు. ఒకప్పుడు ఇదే మీటతో రాక్షసులను, విమానాలను, పరాయి గ్రహాలను గెలిచిన మనిషి. "బంటుపల్లి పైడితల్లి" అన్న పేరు అతన్ని ముప్పావుగంట ఏడిపించింది. ఇంటిపేరులో ఒత్తు దగ్గర రెండుసార్లు జారాడు. "తల్లి"లో ఒత్తు పెడుతుండగా ఎలుగుబంటి వచ్చి చెయ్యి ఊపింది.

కమిషనర్‌కు ఫోన్ చేశాడు. మునిసిపాలిటీల భద్రతా పురస్కారం అందుకోవడానికి ఆయన రాజధానికి వెళ్ళాడు. ఫోన్ ఎత్తలేదు.

"రేపు రండి అమ్మా."

మంగళవారం పదకొండింటికి కన్సోల్ తెరవగానే అప్‌డేట్ మొదలైంది. ఆపకూడదు, ఆపితే భద్రతా ఉల్లంఘన. ఒంటిగంటకు అప్‌డేట్ పూర్తయింది. ఒంటిగంటకే ఎలుగుబంటి వచ్చింది. నూకరత్నం బెంచీ మీంచి లేచి, ఏమీ అనకుండా కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది. ఇంటర్నెట్‌లో తిట్టేవాళ్ళకు ఎలా జవాబు చెప్పాలో అతనికి తెలుసు. ఇలా ఊరికే వెళ్ళిపోయేవాళ్ళకు ఏం చెప్పాలో తెలియదు.

బుధవారం పన్నెండు ముప్పావుకు తెర మీద ధ్రువపత్రం వచ్చింది. పేరు, తేదీ, రాజముద్ర, అన్నీ సక్రమంగా ఉన్నాయి.

"చూడండి అమ్మా. వచ్చింది."

తల్లీ కూతుళ్ళు టీవీ ముందు నిలబడి చూశారు. నూకరత్నం కళ్ళు మెరిశాయి. "ఇదే బాబూ, ఇదే. కాయితం ఏదీ?"

"కాగితం ఉండదమ్మా. చూశారు కదా. చూస్తే... ఇచ్చినట్టే."

ఆమె టీవీ వెనక్కి తొంగి చూసింది. "అంటే? ఈ టీవీని నెత్తినెట్టుకుని బడికి ఎల్లమంతావేటి?"

పైడితల్లి తల్లి వెనక నుంచి కదిలింది. ముందుకు వచ్చి, టీవీ అంచులు రెండు చేతులతో పట్టుకుని, కొంచెం పైకి లేపి, బరువు చూసి మళ్ళీ దించింది. "పద్దెనిమిది కిలోలుంతాది అమ్మా. మోసెయ్యగలను. బస్సోడు ఎక్కించుకుంతాడేటి?"

ఆ పిల్ల వేళాకోళమాడటం లేదు. వెళ్ళే దారి ఏదైనా ఉంటే ఆ దారిన వెళ్ళడానికి సిద్ధంగా ఉంది. ప్రభంజనరావు మొహం కిందికి దించుకున్నాడు. నిమిషం అయిపోయి తెర మీది ధ్రువపత్రం మాయమైంది. "జారీ అయినది" అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

"కూర్చోండి," అని అతను అనసూయమ్మ గదిలోకి వెళ్ళాడు.

"మేడమ్, రికార్డు గదిలో పుట్టుకల రిజిస్టర్ ఉంది కదా. అందులో పేరు చేర్చి, పాత ఫారం మీద చేత్తో రాసి, మీరు సంతకం పెట్టి ముద్ర వేస్తే చెల్లుతుందా?"

"అరవై ఏళ్ళు చెల్లింది. ఇవాళ ఎందుకు చెల్లదు?"

"మెమో వస్తుంది. మీకు ఇక ఏడు నెలలే సర్వీసు ఉంది."

అనసూయమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తొమ్మిదేళ్ళ పిల్లకు రిటైర్మెంటేమిటి నాయనా? నువ్వు ఫారాలు వెతుకు. తాళంచెవి నా దగ్గరుంది."

రికార్డు గది కింది అంతస్తులో, ఆఫీసు వెనక సందువైపు ఉంది. అక్కడ రిజిస్టర్ దుమ్ము దులిపి, ఆ పిల్ల పుట్టిన రోజు తాలూకు పుట తీశారు. ప్రభంజనరావు జేబులో పెన్నుతో పేరు రాశాడు. బంటుపల్లి పైడితల్లి. నాలుగు సెకన్లు పట్టింది. ఫారం నింపడానికి మూడు నిమిషాలు. అనసూయమ్మ సంతకం చేసి, గుండ్రటి ముద్ర ఊది కొట్టింది. నూకరత్నం ఆ కాగితాన్ని రెండు చేతులా పుచ్చుకుని, సిరా ఆరేదాకా పట్టుకునే నిలబడింది.

శుక్రవారం పొద్దున ఆమె ఫోన్ చేసింది. "సేర్చుకున్నారు బాబూ. అక్కడి పెద్దాయన కాయితం ఎండలో పట్టి సూసి, ముద్ర మా సక్కగా పడింది అన్నాడు."

ప్రభంజనరావుకు ఆ రోజంతా ఏ కంపెనీ మీదా అభిప్రాయం కలగలేదు.

సంగతి ఇడ్లీల బండి దగ్గర నుంచి ఊరంతా పాకింది. సోమవారం కౌంటర్ దగ్గర అరవై మంది ఉన్నారు. "మాకు టీవీది వద్దు సార్, పెన్నుది ఇవ్వండి," అని అడుగుతున్నారు. అప్పుడే కమిషనర్ పురస్కారం షీల్డుతో కారు దిగాడు. "పెన్నుది" అంటే ఏమిటో తెలుసుకుని, కోటు గుండీలు విప్పుకోకుండానే ఆడిటరుకు ఫోన్ చేశాడు.

ఆడిటరు వచ్చి ప్రభంజనరావు పెన్నును తెల్లకాగితం మీద పెట్టి పరీక్షించాడు.

"దీనికి పాస్‌వర్డ్ ఉందా?"

"లేదు."

"మరొకరి చేతిలో పడితే పనిచేస్తుందా?"

"పనిచేస్తుంది."

"పోయినచో దూరం నుంచి స్తంభింపజేయగలరా? చివరిసారి అప్‌డేట్ ఎప్పుడు?"

"మొన్న రీఫిల్ మార్చాను."

"ఎవరి అనుమతితో?"

పెన్నుకు నలభై రెండుకు రెండు వచ్చాయి. ఆన్ కాని కంప్యూటర్ కన్నా ఒక మార్కు తక్కువ. ఆ సాయంత్రమే విద్యుత్ సౌకర్యం గల గదులన్నింటిలోనూ పెన్నులు నిషేధిస్తూ ఉత్తర్వు వెలువడింది. డెబ్భై మూడు పెన్నులు, పదకొండు పెన్సిళ్ళు స్వాధీనం చేసుకుని లక్కముద్ర వేశారు. ప్రభంజనరావుకు పద్నాలుగు ప్రశ్నలతో మెమో ఇచ్చారు. సంజాయిషీ సురక్షిత పరికరం మీదనే సమర్పించాలి.

అతను ఇంట్లో సంజాయిషీ మనసులో రాసుకున్నాడు. భద్రత అంటే ఏమిటి, ఎవరిని ఎవరి నుంచి కాపాడాలి, తాళం గొప్పదా, లోపలి వస్తువు గొప్పదా, ఇలా ఆరు పేజీలు వచ్చింది. తన జీవితంలోకెల్లా గొప్ప అభిప్రాయం అదేనని అతనికి అనిపించింది. తీరా మర్నాడు ఆట మీట పట్టుకుని కూర్చుంటే వాచిన బొటనవేలు సహకరించలేదు. రెండు గంటల్లో పడింది ఒక్క వాక్యం. "పిల్ల బడికి వెళ్ళాలి కాబట్టి రాశాను." ఎలుగుబంటి రాకముందే పంపించేశాడు.

కమిషనర్ దాన్ని చదివి, "సంజాయిషీ సంతృప్తికరముగా లేదు, మరీ క్లుప్తముగా ఉన్నది," అని రాసి, శిక్షగా అతన్ని రికార్డు గదికి బదిలీ చేశాడు. ఆ గదిలో కరెంటు లేదు, ఫ్యాను లేదు. సందులోకి ఒక కిటికీ మాత్రం ఉంది.

ప్రభంజనరావు మొదటి రోజు అక్కడ చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అనసూయమ్మ వచ్చింది. ఎలుగుబంటి వచ్చి వెళ్ళాక పైన ఎవరికీ పని ఉండదు కదా. ఆవిడ చేతిలో ఉత్తర్వు ఉంది. ఒక పంక్తి మీద వేలు పెట్టి చూపించింది.

"విద్యుత్ సౌకర్యం గల గదులన్నింటిలోనూ. ఇక్కడ కరెంటు ఉందా నాయనా?"

"లేదు మేడమ్."

"అయితే ఇంటి నుంచి పెన్ను తెచ్చుకో. కిటికీ తెరిచిపెట్టు."

మూడు రోజుల్లో సందులో వరుస మొదలైంది. పుట్టినవాళ్ళ కోసం కొందరు, పోయినవాళ్ళ కోసం కొందరు. ప్రభంజనరావు రాసేవాడు, అనసూయమ్మ సంతకం పెట్టేది. పదహారేళ్ళ ఉద్యోగంలో మొదటిసారిగా అతనికి ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, వాళ్ళు ఎవరి మనుషులో తెలియడం మొదలైంది. పైన పన్నెండు టీవీల ముందు సిబ్బంది వేళ్ళకు మందు రాసుకుంటూ రెండేసి గంటలు అక్షరాలు ఏరుకునేవాళ్ళు. అక్కడికి ఎవరూ వెళ్ళేవారు కాదు.

మూడు నెలల తర్వాత సమీక్షా సమావేశం జరిగింది. సమాచార భద్రతా నిపుణుడి పదవి రద్దు చెయ్యడం ఎవరికీ గుర్తులేదు కాబట్టి ప్రభంజనరావుకు కూడా పిలుపు వచ్చింది. ఆడిటరు ఒక గ్రాఫు చూపించాడు. మల్లవేలూరులో ధ్రువపత్రాల జారీ నాలుగు రెట్లు పెరిగింది. రిజిస్టర్‌లో సంఖ్యలు అలా చెబుతున్నాయి. ఆ సంఖ్యలు ఏ గదిలో పడ్డాయో ఎవరూ అడగలేదు.

"ఈ ప్రతిష్ఠాత్మక విజయమునకు కన్సోళ్ళే కారణము," అన్నాడు కమిషనర్. "రెండవ షీల్డు ఖాయమని పైనుంచి సమాచారం. వచ్చే ఏడాది నుంచి జిల్లాలోని అన్ని కార్యాలయాల్లోనూ, ఆసుపత్రులతో సహా, ఇదే విధానం ప్రవేశపెట్టుటకు ప్రతిపాదిస్తున్నాను. దీనిపై మన నిపుణుని అభిప్రాయం?"

అందరూ ప్రభంజనరావు వైపు తిరిగారు. అనసూయమ్మ బల్ల కింద నుంచి అతని కాలు తొక్కి పట్టుకుంది.

చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. ఆసుపత్రి అనగానే ఆపరేషన్ బల్ల పక్కన చెయ్యి ఊపుతున్న ఎలుగుబంటి కళ్ళ ముందు కదిలింది. కానీ ఈ గదిలో ఎగతాళిగా అన్నది ఏమవుతుందో అతను ఒకసారి చూశాడు. నిజం చెబితే ఏమవుతుందో కూడా చూశాడు. ఇప్పుడు కిటికీ సంగతి చెబితే రేపటికల్లా రికార్డు గదికి కరెంటు తీగ లాగిస్తారు.

"అభిప్రాయం లేదు సార్," అన్నాడు. "సందులో ఇరవై మంది ఎదురుచూస్తున్నారు. నేను వెళ్ళాలి."

ఆ మాటను మినిట్స్‌లో ఇలా రాసుకున్నారు. "నిపుణుడు సంపూర్ణముగా ఏకీభవించి, తక్షణమే అమలుకు బయలుదేరినాడు."